దోమపిల్లలకు ఆకువైద్యం

దోమపిల్లల మీద ఆకుపసరు ప్రయోగించాలంటే ముందు దోమపిల్లలుండాలి. ఈ చిన్న సంగతి మరిచిపోయి చాలామంది ఔత్సాహికులు మొదట్లోనే దెబ్బతింటున్నారు. వేపాకు దంచి, వడకట్టి, సీసాకెత్తి, తీరా పోద్దామని చూస్తే ఇంట్లో నిలవనీళ్లే ఉండవు. పడ్డ కష్టమంతా గంగపాలు. కాబట్టి మొట్టమొదట నీళ్లు నిలవుంచుకోండి. ఎండాకాలంలో కూలర్లో పోసిన నీళ్లు దసరా దాకా కదపకండి. పూలకుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనకాల ట్రే, మేడమీద పారేసిన స్కూటర్ టైరు, తాగి విసిరేసిన కొబ్బరిబోండాలు, ఇవన్నీ మీ పెట్టుబడి. పెరట్లో పాత రోలుంటే మీ అంత అదృష్టవంతులు లేరు. మిక్సీలొచ్చాక దాన్నెవరూ కదపరు. వాన పడితే నిండుతుంది, నీడపట్టున ఉంటుంది, పైగా పసరు నూరుకోవడానికీ అదే పనికొస్తుంది.

ఓవర్‌హెడ్ ట్యాంకు మూత కూడా కాస్త పక్కకి జరిపి ఉంచండి. పట్నాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై అనే దోమకి బావులన్నా, ఇలాంటి ట్యాంకులన్నా ప్రాణం. మూత బిగించేస్తే దానికి దారుండదు, మీకు పనుండదు.

మునిసిపాలిటీవాళ్ల మాటలు మాత్రం చెవిన పెట్టకండి. ఆంధ్రలో శుక్రవారం డ్రై డే అంటారు. తెలంగాణలో 2020లో ‘ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని మొదలుపెట్టారు. వారం ఏదైతేనేం, కుట్ర ఒకటే. గుడ్డు పగిలి, లార్వా నాలుగు దశలు దాటి, ప్యూపా అయి, రెక్కలొచ్చి లేవడానికి మన వేడికి వారం పది రోజులు పడుతుంది. ఆలోపు ఒక్కసారి నీళ్లు పారబోసి, తొట్టి గోడలు పీచుతో తోమేస్తే ఆ సంసారం అంతటితో సరి. గోడలెందుకు తోమాలంటే, డెంగీ మోసే ఈడిస్ దోమ గుడ్లని నీళ్లలో వదలదు, నీటిమట్టానికి కాస్త పైన తడిగోడకి అంటిస్తుంది. ఎండబెట్టినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలాక పగులుతాయి. చూశారా దుర్మార్గం! పైసా ఖర్చు లేకుండా, చెట్టు మీద చెయ్యి వెయ్యకుండా, పది నిమిషాల్లో పని అయిపోతే మన ప్రాచీన విజ్ఞానం ఏం కావాలి?

ఏ ఆకు కోయాలి

చేదుగా ఉంటే చాలు. వేప, వావిలి, కానుగ, జిల్లేడు, తులసి, సీతాఫలం, ఉమ్మెత్త, వీటన్నిటి మీదా పరిశోధన పత్రాలున్నాయి. ఇవి దోమపిల్లల్ని చంపుతాయని ప్రయోగశాలల్లో చూశారు. అది నిజమే. అక్కడిదాకా చదివి పేపరు మడిచెయ్యాలి. ఆ తర్వాత చెట్టులో ఏ భాగం, ఏ ద్రావకంలో తీశారు, ఎంత మోతాదు, ఏ దోమ, ఎన్ని గంటలు అంటూ రామాయణంలో పిడకలవేట మొదలవుతుంది.

మాకో మేనకోడలుంది, జువాలజీలో పరిశోధన చేస్తోంది. ఎనామిల్ ట్రేల్లో దోమపిల్లల్ని పెంచి, కుక్క బిస్కెట్లు పొడి కొట్టి, ఈస్టు కలిపి వాటికి వేళకి మేత వేస్తుంది. సొంత మేనమామకి ఏనాడూ అంత శ్రద్ధగా టిఫిన్ పెట్టిన పాపాన పోలేదు. ఇకమీదట మాటిమాటికీ అడ్డు తగిలేది ఆ పిల్లే కనక ముందే పరిచయం చేస్తున్నాను.

“మావయ్యా, వేపలో అసలు సరుకు ఎక్కువగా ఉండేది గింజలో, ఆకులో కాదు” అంటుంది. అజాడిరక్టిన్ అనే పదార్థమట. అది పోసీ పోయగానే చంపే విషం కాదట. పురుగు ఎదుగుదలని చెడగొట్టి, కుబుసం సరిగ్గా విడవనివ్వకుండా చేస్తుందట. అందుకని పని కనపడడానికి రోజులు పడుతుందట. మన రైతులు అయిదు శాతం వేపగింజల కషాయం చేస్తారు. గింజపప్పు అయిదు కిలోలు పొడి కొట్టి, రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, సబ్బుపొడి కలిపి, వంద లీటర్లకి సరిపెట్టి, సాయంత్రం పూట కొడతారు. అందులో ఒక్కో మెట్టుకీ ఒక్కో కారణముందని ఆ పిల్ల గంట చెప్పింది. సరుకు గింజలో ఉంది కాబట్టి గింజ, నీళ్లలో కలవాలి కాబట్టి సబ్బు, ఎండకి అజాడిరక్టిన్ విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం. మనం పట్నంలో ఉంటున్నాం. చెట్టు కింద గొంతుక్కూర్చుని గింజలేరుకుంటుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆకు కోసుకోండి. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా పోయండి.

వేప విషయంలో కొలతలడిగేవాళ్లకి నేను మ్యూనిక్ సంగతి చెబుతుంటాను. వేపనూనెతో బూజుతెగుళ్లకి మందు చేశామంటూ అమెరికా వ్యవసాయశాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంటు తెచ్చుకుంటే మనవాళ్లు ఊరుకోలేదు. మ్యూనిక్‌లోని పేటెంటు ఆఫీసులో పోట్లాడి 2000లో రద్దు చేయించారు. 2005లో వాళ్ల అప్పీలు కూడా వీగిపోయింది. అంత దూరం పోయి వేప మనదని తేల్చుకొచ్చాక, మన చెట్టు మన మాట వినదా? లీటరుకి ఎన్ని గ్రాములని అడగడం దేశద్రోహం కాకపోయినా ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉంటుంది.

చెట్టు నుంచి వచ్చింది ఏదీ మనిషికి హాని చెయ్యదన్నది మన మూలసూత్రం. గన్నేరుపప్పు తిని, ఉమ్మెత్తగింజలు తిని ఆసుపత్రిపాలైనవాళ్ల ముచ్చట మేనకోడలు ఎత్తింది. వాళ్లు దోమలు కారు కదా అన్నాను. సీతాఫలం గింజలు నూరి పేలకి పెట్టుకునే అలవాటు మన ఇళ్లలో పాతదే. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని కళ్లు తెరవలేని పరిస్థితి వస్తుందని డాక్టర్లంటారు. కాబట్టి నూరేటప్పుడు బాగా దగ్గరికి వంగి, కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. మెదిగిందో లేదో మరెలా తెలుస్తుంది?

కాచడం

ఎంత కాస్తే అంత బలం. మలేరియాకి ఆర్టెమిసినిన్ అనే మందు కనిపెట్టినందుకు చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ ఇచ్చారు. ఆవిడ పాత వైద్యగ్రంథం తిరగేసి, ఒక మొక్క నుంచి దాన్ని బయటికి తీసింది. మనకి పనికొచ్చేది ఇంతవరకే. ఆ గ్రంథంలో మొక్కని నీళ్లలో నానబెట్టి పిండమని ఉందే తప్ప కాచమని లేదనీ, వేడికి మందు చెడిపోతోందని ఆవిడకి అక్కడే తట్టిందనీ, అందుకే తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసిందనీ మేనకోడలు తోక తగిలించింది. ఆవిడ ఇంట్లో గ్యాస్ అయిపోయి ఉంటుంది.

మీరు మాత్రం పెద్ద గుండిగ పెట్టి, ఆకులు కుక్కి, రంగు నల్లబడేదాకా మరిగించండి. వీధి చివరిదాకా వాసన రావాలి. వాసన ఎంత దూరం పోతే మందు అంత దూరం పనిచేస్తుందని మా కాలనీలో నమ్ముతారు. తర్వాత ఆ కషాయాన్ని మేడమీద ఎర్రటి ఎండలో పెట్టండి, సూర్యశక్తి పడుతుంది. ఎండకి వేపమందు విరుగుతుందని ఇందాకే చెప్పాను కదా అంటారేమో. ఆ పిల్లే ఇంకోమాట కూడా చెప్పింది, బంతిమొక్కలో ఉండే ఒక పదార్థం వెలుతురు తగిలితేనే లార్వాని చంపుతుందట. ఒకటి ఎండకి చెడుతుంది, ఇంకోటి ఎండ లేకపోతే పనిచెయ్యదు. ఇలాంటి తలనొప్పులుంటాయనే నేను రెండూ కలిపి కాచేస్తాను.

కొలత

చారెడు, దోసెడు, గంపెడు. ఇవి చాలు. పీపీఎం అన్న మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్నించి లేచి వచ్చెయ్యండి. నేను రాలేకపోయాను, ఆ పిల్ల కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది.

ఒక మొక్క సారానికి ఎల్‌సీ50 వంద పీపీఎం అని పత్రంలో రాశారనుకోండి. లీటరు నీళ్లలో వంద మిల్లీగ్రాములు సారం వేస్తే, ప్రయోగశాల కప్పులో, సాధారణంగా 24 గంటల్లో, సగం లార్వాలు చస్తాయని దానర్థమట. ఇక లెక్క వెయ్యమంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకి వంద గ్రాముల సారం. అది మనం గుడ్డలో పిండే పసరు కాదు, ద్రావకమంతా ఎగిరిపోయాక గిన్నె అడుగున మిగిలే జిగురు. ఎండాకులో నూటికి పది వంతులు అలాంటి జిగురు దిగుతుందని ధారాళంగా వేసుకున్నా కిలో ఎండాకు కావాలి. కిలో ఎండాకంటే మూడు నాలుగు కిలోల పచ్చాకు. ఇంతా చేస్తే చచ్చేది సగం. ట్యాంకు రోజూ ఖాళీ అయి రోజూ నిండుతుంది కనక రేపు మళ్లీ మూడు నాలుగు కిలోలు. ఎల్లుండి మళ్లీ. పక్కింటి ట్యాంకుకి వేరే. “మీ కాలనీ పార్కులో చెట్లెన్నున్నాయి మావయ్యా?” అని అడిగింది చివర్లో. నాకు ఆ పిల్ల గొంతులో వెటకారం వినిపించింది.

మునిసిపాలిటీవాళ్లు నిలవనీళ్లలో వేసే టెమీఫాస్ ఒక్క పీపీఎం చాలట. అంటే వెయ్యి లీటర్లకి అసలు మందు ఒక గ్రాము. ఒక గ్రాములో తృప్తేముంటుంది చెప్పండి? చెమట పట్టదు, చేతులు పచ్చబడవు, వీధిలో నలుగురికి తెలియదు.

చచ్చినవి సగమైతే బతికిన సగం సంగతి కూడా చూసుకోవాలి. అవి అదృష్టజాతకులు. నిన్నటిదాకా కిక్కిరిసిన తొట్టిలో తిండికి కొట్టుకున్నవి, ఇవాళ పోటీ తగ్గి హాయిగా మేసి, ఏపుగా పెరిగి, నిండు ఆరోగ్యంతో ఎగిరిపోతాయి. దీన్ని జీవకారుణ్యం కింద రాసుకోండి.

కొలతకి లొంగిపోయిన మొక్క ఒకటుంది, పైరెత్రమ్. చామంతుల బంధువు, తెల్లటి పువ్వు. దాన్ని ఎండబెట్టి, సారం తీసి, అందులో పైరెత్రిన్లు ఎంత శాతమో కొలిచి డబ్బాలకెక్కించారు. మన దేశంలో రెండు శాతం సారం ఒక పాలు, కిరోసిన్ పందొమ్మిది పాళ్లు కలిపి డెంగీ, మలేరియా కేసొచ్చిన ఇళ్ల లోపల కొడతారు. అది ఎగిరే దోమలకి. దశాబ్దాలుగా పనిచేస్తోందంటారు. పనిచెయ్యచ్చు గానీ, ఎండబెట్టి, కొలిచి, శాతం కట్టి, తేదీ వేసి అమ్మాక అందులో మొక్క ఎక్కడుంది? ఏ బామ్మ పేరూ లేదు, ఏ చిట్కా పేరూ లేదు. అలాంటి విజయం మనకొద్దు.

దోమ దోమే

క్యూలెక్స్, ఈడిస్, అనాఫిలిస్ అని జాతులు లెక్కపెట్టకండి. పసరంతా తెచ్చి వీధి మురుగుకాలవలోనే పోయండి. అక్కడుండేది ఎక్కువగా క్యూలెక్స్, కాకినాడవైపు పెద్దవాళ్లనడిగితే బోదకాలు గురించి చెబుతారే, ఆ దోమ. డెంగీ దోమ మురుగు ముట్టదు, మీ ఇంట్లో మంచినీళ్లే దానికి కావాలి. పుట్టిన చోటికి పెద్ద దూరం కూడా పోదు. అంటే మిమ్మల్ని కుట్టింది చాలావరకు మీ ఇంట్లోదో పక్కింట్లోదో అయి ఉంటుంది. ఇది ఒప్పుకోవడం మహాకష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016లో ‘దోమలపై దండయాత్ర’ అని ప్రకటించింది. దండయాత్ర అన్నాక శత్రువు పొలిమేర అవతల ఉండాలి. పడగ్గది కిటికీలో మనీప్లాంటు సీసాలో ఉంటే యుద్ధానికి గౌరవమేముంది?

చెరువుల్లో గుర్రపుడెక్క అసలు తియ్యకండి. దాని వేళ్లకి మాన్సోనియా జాతి లార్వాలు పట్టుకుని, వేళ్లలోంచే గాలి పీలుస్తాయి, నీటిపైకి రావు. పైన ఎంత నూనె పోసినా వాటికి పట్టదు. అందుకే పైనే పోయండి, ఎంతకాలమైనా పని ఉంటుంది.

పోయడం

పసరు వడకట్టొద్దు. పిప్పితో సహా కుమ్మరించండి. నీళ్లలో ఆకు కుళ్లితే సూక్ష్మజీవులు పెరుగుతాయి, లార్వాలు తినేది వాటినే. కాస్తో కూస్తో మందు ఉన్న రెండు రోజులూ గడిచాక ఆ తొట్టి సత్రమైపోతుంది. దోమల మీద నిఘాకి పెట్టే ఓవిట్రాప్ డబ్బాల్లో కావాలనే ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లు పోస్తారట, ఆ కుళ్లువాసనకి ఆడదోమలు వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడతాయని. మేనకోడలు ఇది చెప్పినప్పుడు నాకు గర్వమనిపించింది. శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా తయారుచేసుకునే నీళ్లు మన పెరట్లో వాటంతటవే తయారవుతున్నాయి.

వేపనూనె పోసేవాళ్లు అలాగే పోసెయ్యండి. అది పైన తేలి, గాలికి ఒక మూలకి చేరుతుంది. లార్వాలు రెండో మూలకి చేరతాయి. ఇరుపక్షాలకీ ఇబ్బంది లేదు. కుంకుడుకాయ రసం కలిపి గిలక్కొడితే నూనె నీళ్లలో కలిసిపోతుందనీ, కుంకుడులో ఉండే సాపోనిన్లు వాటంతటవే లార్వాలని, ప్యూపాలని కూడా చంపుతాయని పరిశోధనలున్నాయనీ ఆ పిల్ల అంది. కుంకుడుకాయ తలకి పోసుకునేది, బావికి పోసేది కాదని చెప్పాను. తర్వాత మనసు మార్చుకుని మా అపార్ట్‌మెంటు పాత బావిలో బస్తాడు కాయల రసం పోయించాను. అప్పుడు తెలిసింది, అందులో మునిసిపాలిటీవాళ్లు గంబూసియా చేపలు వదిలారట. అవి పూటకింతని లార్వాలని తింటూ బతుకుతున్నాయట. సాపోనిన్లు చేపల మొప్పల్ని దెబ్బతీస్తాయట. కొన్ని అడవిజాతులవాళ్లు ఇలాంటి కాయలే దంచి నీళ్లలో వేసి చేపలు పడతారట. మర్నాడు బావిలో చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. నీళ్లు మాత్రం చాలా శుభ్రంగా, నురగతో కళకళ్లాడాయి. ఇక బావిలో దోమపిల్లలకి పోటీయే లేదు.

ఫలితం చూడటం

పసరు వైద్యంలో అసలు నేర్పంతా ఇక్కడుంది, కాస్త నెమ్మదిగా చదవండి.

తొట్టి మీదికి వంగండి. నీటిపైన తలకిందులుగా, తోకలోని గొట్టం పైకి పెట్టి, చిన్నచిన్న తోకపురుగులు వేలాడుతూ కనిపిస్తాయి. ఆ గొట్టంతోనే అవి గాలి పీలుస్తాయి. ఇప్పుడు పసరు పోయండి. మీ నీడ పడేసరికే సగం, నీళ్లు కదిలేసరికి మిగతా సగం మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోతాయి. నీటిపైన ఒక్కటీ ఉండదు. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించండి. ఫొటో తీయండి. వెంటనే అక్కణ్నించి వెళ్లిపోండి, ఎందుకంటే కొంచెంసేపయ్యాక అవి గాలికోసం మళ్లీ పైకి వస్తాయి.

మూడు నాలుగు రోజులాగి మళ్లీ చూస్తే కొన్ని తోకపురుగులు పోయి, వాటి స్థానంలో తల పెద్దగా, తోక వంచుకుని, కామా గుర్తు ఆకారంలో ఏవో దొర్లుతుంటాయి. వాటిని చూసి కంగారుపడకండి. ప్యూపాలంటారు. అవి ఏమీ తినవు, నోటితో పనే లేదు. కడుపులోకి పోయి చంపే మందు ఏదైనా వాటికి వృథా. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో దొరికిన బీటీఐ అనే బ్యాక్టీరియా మందు లార్వాలమీద అమోఘమట, అదీ ప్యూపాని ఏమీ చెయ్యలేదు. మీరు కూడా ఏమీ చెయ్యకండి. మరో రెండు రోజులు ఓపిక పట్టండి. ఆ తర్వాత తొట్టి చూడండి. ఒక్కటంటే ఒక్కటి ఉండదు! నీళ్లమీద పల్చటి ఖాళీ తొడుగులు మాత్రం తేలుతుంటాయి. మందు పనిచేసిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ సాయంత్రం ఇంట్లో దోమలు మరీ ఎక్కువైనట్టు అనిపిస్తే అవి వీధిలోంచి వచ్చాయనుకోండి.

మేనకోడలి ప్రయోగశాలలో పద్ధతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల ప్రకారం మూడో దశ చివరో నాలుగో దశ మొదట్లోనో ఉన్న 25 లార్వాలని లెక్కపెట్టి వంద మిల్లీలీటర్ల నీళ్లలో వేస్తారు. ఒక్కో మోతాదుకి కనీసం నాలుగు కప్పులు. వాటి పక్కన అసలు పసరే వెయ్యని కప్పులు కొన్ని పెడతారు. పసరుని ఆల్కహాల్లోనో ఎసిటోన్లోనో కరిగించి ఉంటే, ఆ ద్రావకం మాత్రమే వేసిన కప్పులు ఇంకొన్ని. పసరు లేని కప్పుల్లో కూడా నూటికి ఇరవైకి మించి చస్తే ఆ ప్రయోగం మొత్తం పారబోస్తారు. అయిదుకీ ఇరవైకీ మధ్య చస్తే 1925 నాటి అబాట్ సూత్రంతో ఆ చావుల్ని తీసేసి లెక్కగడతారు. ఆకు గొప్పతనం తేల్చడానికి ఆకు లేని కప్పు దగ్గర కాపలా కూర్చోవడం! మందు వెయ్యనివి కూడా చస్తున్నాయని తెలుసుకుంటే మనశ్శాంతి తప్ప పోయేదేముంది? మీ ఇంట్లో అలాంటి కప్పు పెట్టొద్దు.

మా ఇంట్లో ఒక చిన్న చిక్కుంది. శుక్రవారం తలంటుకుని మా ఆవిడ పళ్లేలు, బకెట్లు, తొట్టి అన్నీ బోర్లించి, కొబ్బరిపీచు పెట్టి తోమేస్తుంది. “ఏవండీ, ఆ పచ్చనీళ్లు కంపు కొడుతున్నాయి” అని నా పసరు తూములో ఒంపేస్తుంది. ఆ వారమంతా మా పెరట్లో తోకపురుగనేది కనపడదు. పసరు కాలవలోంచి తన ప్రభావం చూపిస్తోందని నేను గ్రహించాను.

ఇలా నీళ్లు ఒంపేసే పిచ్చి చాలా పెద్దవాళ్లకే ఉండేది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దానికి 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేట వైపు పోతే ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. అంత కనిపెట్టినవాడు ఆ తర్వాత ఏం చేశాడు? దోమలమీదికి దళాలు కట్టించాడు, గుంటలు పూడ్పించాడు, డబ్బాలు ఏరించాడు, నీళ్లు పారబోయించాడు. అదే 1902లో ఈజిప్టులో సూయజ్ కాలవ ఒడ్డునున్న ఇస్మాయిలియా పట్నంలో ఇదే పద్ధతి పెట్టిస్తే అక్కడ మలేరియా బాగా తగ్గిపోయింది. ఇన్నేళ్లు మన దేశంలో ఉండి కూడా ఒక్క వేపకొమ్మ విరిచిన దాఖలా లేదు. పాపం, ఆయనకి చెప్పేవాళ్లెవరూ దొరకలేదు.

ఊరికి చాటడం

కాలనీ గ్రూపులో ‘దోమలకు చెక్’ అని శీర్షిక పెట్టండి. కింద ఆకు ఫొటో. అంతే. ఏ దోమ, ఎంత నీరు, ఎన్నాళ్లు పనిచేసింది అని అడిగేవాళ్లని గ్రూపులోంచి తీసెయ్యండి. ఈ మధ్య ఆకుపసరుతో వెండి నానోకణాలు తయారుచేసి లార్వాల మీద వేస్తున్నారని పత్రాల్లో వస్తోంది. మనకంత హంగు అక్కర్లేదు. మా ఆవిడ వెండిపట్టీ ఒకటి పసరులో వేసి కాచాను. పట్టీ నల్లబడింది. కొంత వెండి దిగినట్టే.

జ్వరమొస్తే

ఇన్ని చేసినా ఇంట్లో ఎవరికైనా జ్వరం రావచ్చు. మేనకోడలు ఫోన్లో ఒకటే గోల. రక్తపరీక్ష చేయించమంటుంది, జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మింగొద్దంటుంది, నీళ్లు బాగా తాగాలంటుంది. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువట. కడుపులో తీవ్రంగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనపడితే అరగంట కూడా ఆగకుండా ఆసుపత్రికి పొమ్మంటుంది. ఇంత కంగారు దేనికి? దోమ మీద ఓడిన ఆకు జ్వరం మీద గెలవచ్చు. బొప్పాయి ఆకుంది కదా.

మిగిలిన పసరు

వృథా చెయ్యకండి. నేను నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి మెట్లకింద పెట్టాను. మూత కనపడలేదు, పసరుకి మూతెందుకని నేనూ వెతకలేదు. మొన్న మేనకోడలు వచ్చినప్పుడు మొబైల్ టార్చి వేసి చూసి, గరిటె అడిగి తెచ్చుకుని, ఒక్క ముంచుకి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టుకుంది. క్యూలెక్సట. తన ట్రేల్లో కూడా ఇంత బలంగా పెరగలేదని మెచ్చుకుని, ఒక సీసా నింపుకుపోయింది. శాస్త్రవేత్తలే వచ్చి పట్టుకెళ్తున్నారంటే సరుకు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. ఇంకా డ్రమ్ముకి ముప్పాతిక వంతుంది. కావలసినవాళ్లు సీసా తెచ్చుకుని ఏ వేళయినా రావచ్చు, డబ్బులక్కర్లేదు. అడుగున చిక్కగా ఉంటుంది, పైన కదిలేవాటిని ఊదుకుని ముంచుకోండి.